నిద్ర లేకున్నా అలుపు లేని మనిషి: పెద్దవాళ్లలో బైపోలార్‌ను గుర్తుపట్టడం

తెల్లవారుజామున మూడింటికి నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తే రొయ్యల గుంటల గట్ల మీద టార్చిలైట్లు కదులుతూ కనిపిస్తాయి. ఆ వేళకి నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది. కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వెంటనే అందుకోకపోతే పంట పోయినట్టే. అందుకే పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు రైతుకి కంటి నిండా నిద్ర ఉండదు. పొద్దున ఇంటికొచ్చి మంచం మీద వాలితే మధ్యాహ్నం అన్నానికి లేపినా లేవడు. కళ్లు ఎర్రబడి ఉంటాయి, మాటలో విసుగు ఉంటుంది. ఇంట్లో ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు, అనుకోవాల్సిన పనీ లేదు.

అదే గట్టు మీద ఇంకో రైతుని ఊహించుకుందాం. వారం పది రోజులుగా రాత్రికి రెండు గంటలకు మించి పడుకోవడం లేదు. అయినా కంట్లో అలుపు లేదు. తెల్లారి నాలుగింటికే బంధువులకి ఫోన్లు చేస్తున్నాడు. ఉన్న నాలుగెకరాలు చాలవట, ఇంకో ఇరవై ఎకరాలు లీజుకి తీసుకుంటాడట, రొయ్య పిల్లల హేచరీ పెడతాడట. మధ్యలో ఎమ్మెల్యే టికెట్ సంగతి కూడా వస్తోంది. ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. ఎవరైనా ఆపబోతే కస్సుమంటాడు. మొదటి మూడు రోజులు ఊళ్లో అందరికీ ముచ్చటగానే ఉంటుంది. "ఒంగోలు గిత్తలా ఉన్నాడురా" అంటారు. ఆ తర్వాతే ఇంట్లో గుసగుసలు మొదలవుతాయి: "ఏంది ఈయనకి, రాత్రంతా నిద్రపోకండా తిరగతా ఉండాడు?"

ఇద్దరూ నిద్రపోనివాళ్లే. మొదటివాడికి నిద్ర దొరకడం లేదు. రెండోవాడికి నిద్ర అక్కర్లేకుండా పోయింది. పెద్దవాళ్లలో బైపోలార్ డిజార్డర్‌ను ఇంట్లోవాళ్లు పసిగట్టడానికి పనికొచ్చే ఆనవాళ్లలో ఈ తేడాని మించింది బహుశా లేదు. దీనికి స్కానింగ్ లేదు, రక్తపరీక్ష లేదు. డాక్టర్ అడిగే ప్రశ్నలు, ఇంట్లోవాళ్లు చెప్పే సమాధానాలు, ఇవే పరీక్ష. ఆ సమాధానాల్లో ఒక సగం, హుషారుగా ఉన్న రోజుల సంగతి, చాలాసార్లు రాదు. చిక్కంతా అక్కడే ఉంది.

జబ్బు పేరులోనే దాని తీరు ఉంది. మనసు రెండు కొసల మధ్య ఊగుతుంది. ఒక కొసన మేనియా, ఇంకో కొసన డిప్రెషన్. మధ్యలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు, మనిషి మామూలుగానే ఉంటాడు. ఈ రెండూ ఒకే జబ్బుకి రెండు ముఖాలని ఫ్రెంచి వైద్యులు 1850లలోనే గమనించారు. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ 1899లో దానికి మానిక్ డిప్రెసివ్ అన్న పేరు ఖాయం చేశాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన జబ్బుల పట్టికలో బైపోలార్ అన్న మాట తెచ్చింది. తెలుగులో మేనియాని 'ఉన్మాదం' అని రాస్తుంటారు. ఆ మాట వినగానే బట్టలు చింపుకుని రోడ్డు మీద తిరిగే మనిషి కళ్లముందు మెదులుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్యాంకులో లోన్ గురించి గడగడా మాట్లాడుతున్న మనిషి ఆ బొమ్మలో ఇమడడు. అందుకని ఈ వ్యాసంలో మేనియా అనే వాడుతున్నాం.

వైద్యులు వాడే కొలతల్లో రోజుల లెక్క ముఖ్యం. మామూలు కంటే బాగా పెరిగిన హుషారో, ఊరకే చిర్రెత్తే కోపమో, దాంతోపాటు ఒంట్లో ఉరకలు వేసే సత్తువ, ఇవి రోజులో ఎక్కువ భాగం, కనీసం వారం పాటు ఉంటే మేనియా. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే వారం కోసం ఆగరు. వీటికి తోడు నిద్ర అవసరం తగ్గడం, తానే గొప్ప అన్న భావం, ఆగని మాట, ఆలోచనలు పరుగెత్తడం, ధ్యాస నిలవకపోవడం, ఒకేసారి పది పనులు ఎత్తుకోవడం, వెనకా ముందూ చూడని ఖర్చులు, అప్పులు, సంబంధాలు. వీటిలో కనీసం మూడైనా కనపడాలి. హుషారు లేకుండా చిరాకు ఒక్కటే ఉంటే నాలుగు. ఇవే లక్షణాలు నాలుగు రోజులైనా ఉండి, చుట్టుపక్కలవాళ్లు గమనించేంతగా మనిషి మారి, అయినా పనీపాటా చెడకుండా నడుస్తుంటే దాన్ని హైపోమేనియా అంటారు. మేనియా ఒక్కసారి వచ్చినా బైపోలార్ ఒకటో రకం. హైపోమేనియా, పెద్ద డిప్రెషన్ కలిసి ఉంటే రెండో రకం.

పొద్దున సంతోషం, సాయంత్రం దిగులు, మళ్లీ రాత్రికి నవ్వులు అయితే దాన్ని బైపోలార్ అనరు. ఈ మధ్య ఫోన్లో రెండు వీడియోలు చూసి "నాకు బైపోలార్ అనుకుంటా" అనేవాళ్లు పెరిగారు. గంటల్లో మారే మనసు అందరికీ ఉండేదే. బైపోలార్‌లో మార్పు రోజులూ వారాలూ పట్టు వదలదు. అది మొదలవక ముందున్న మనిషికీ ఇప్పటి మనిషికీ మధ్య గీత గీసినట్టు తేడా ఉంటుంది. "మనిషి మనిషిగా లేడు" అని మన ఇళ్లలో అనే మాట ఏ ప్రశ్నావళికీ తీసిపోదు.

పైకి లేచిన దశ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అది తేలిగ్గా కలిసిపోతుంది. ఇక్కడి బతుకుల్లో జూదం పాలు ఎక్కువ. వనామి రొయ్య ఒక పంటలో అప్పులన్నీ తీర్చేస్తుంది, వైట్ స్పాట్ తెగులు వస్తే వారంలో ముంచేస్తుంది. కొండపి, పొదిలి, కనిగిరి వైపు పొగాకు రైతు వేలంలో పలికే ధర మీద ఏడాది బతుకు పెడతాడు. చీమకుర్తి గ్రానైట్‌లో నల్లరాయి దొరికితే ఒక కథ, పగుళ్ల రాయి దొరికితే ఇంకో కథ. ఇలాంటిచోట తెగించినవాడికి గౌరవం ఉంటుంది. కాబట్టి హైపోమేనియాలో ఉన్న మనిషి తెగింపు చూసి ఎవరికీ అనుమానం రాదు. పైగా ఆ కొద్ది వారాల్లో అతను నిజంగానే బాగా పనిచేస్తాడు, నలుగుర్నీ నవ్విస్తాడు, ఎప్పుడూ మాట్లాడని మేనమామ ఇంటికెళ్లి పలకరించి వస్తాడు. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బు మొదలుగా లెక్కపెట్టరు. పైగా "మావాడు అప్పుడు ఎంత బాగుండేవాడో" అని గుర్తుచేసుకుంటారు.

మరి తెగింపుకీ మేనియాకీ తేడా ఎక్కడ? తెగించే రైతు కూడా లెక్క వేసుకుంటాడు, అడిగితే ఆ లెక్క చెప్పగలడు. నష్టం వస్తే ఏ పొలం అమ్మాలో కూడా మనసులో ఉంచుకుంటాడు. మేనియాలో ఉన్నవాడికి నష్టం అన్న ఊహే తట్టదు. రెండోది, తెగింపు ఒక్క విషయంలో ఉంటుంది. మేనియా అన్నింటిలోకీ పాకుతుంది: వ్యాపారం, భక్తి, రాజకీయం, శృంగారం, కొత్త బండి, పాత పగ. మూడోది మళ్లీ నిద్రే. పొగాకు ఆరబెట్టే గది, అంటే బ్యారన్‌లో, నిప్పు పెట్టాక ఐదారు రోజులు మంట చూసుకుంటూ మేలుకునే రైతు, ఆకు దించగానే పడి నిద్రపోతాడు. మేనియాలో ఉన్నవాడికి పని అయిపోయినా నిద్ర రాదు.

కొంతమందికి హుషారు అసలు కనిపించదు. కోపమే ఉంటుంది. భార్య మీద అనుమానం, అన్నదమ్ముల మీద పగ, వీధిలో గొడవలు. ఇంకా ముదిరితే దేవుడు తనతో మాట్లాడుతున్నాడనో, ఎవరో విషం పెడుతున్నారనో గట్టిగా నమ్ముతారు. చెవిలో మాటలు వినిపించవచ్చు. ఈ దశలో చూసినవాళ్లు స్కిజోఫ్రీనియా అన్న వేరే మానసిక జబ్బు అని పొరపడే అవకాశం ఉంది. మేనియా, డిప్రెషన్ లక్షణాలు ఒకేసారి కలగలిసి రావడం కూడా ఉంది. ఒంట్లో నిప్పులాంటి కదలిక, మనసులో చావు ఆలోచన. ఈ జబ్బులో ఇది అన్నింటికంటే ప్రమాదకరమైన సమయం.

ఇక కింది దశ. దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు, పేరు పెట్టడంలోనే తప్పు జరుగుతుంది. రెండు వారాలకు పైగా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి నిద్ర మారడం, తన వల్ల అందరికీ కష్టమే అన్న భావన. మన వైపు ఇవన్నీ ఒంటి భాషలో బయటికొస్తాయి: కాళ్లు లాగుతున్నాయి, తల బరువు, గుండె దడ, గ్యాస్ పైకి ఎగదన్నుతోంది. ఆర్‌ఎంపీ దగ్గరికి, అక్కడి నుంచి గ్యాస్ డాక్టర్ దగ్గరికి, ఆపైన 'నరాల డాక్టర్' దగ్గరికి తిరుగుతారు. ఎండోస్కోపీ, తల స్కానింగ్ అన్నీ బాగానే ఉంటాయి. బైపోలార్‌లో వచ్చే డిప్రెషన్‌లో నిద్ర పట్టకపోవడం కంటే రోజంతా పడుకునే ఉండటం, కాళ్లకి బండరాయి కట్టినట్టు కదల్లేకపోవడం తరచుగా చూస్తాం. మొదటిసారి డిప్రెషన్ పాతికేళ్లలోపే రావడం, పదేపదే రావడం, ప్రసవం తర్వాత మొదలవడం, ఇంట్లో ఇంకెవరికైనా మేనియా ఉన్న చరిత్ర, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ రెండో కొస గురించి అడగాలి.

అడగకపోతే ఏమవుతుంది? జబ్బు మనిషి మేనియాలో ఉండే కాలం కంటే డిప్రెషన్‌లో ఉండే కాలం చాలా ఎక్కువ. ఒకటో రకంలో సుమారు మూడు రెట్లు, రెండో రకంలో ఇంకా ఎక్కువ. ఆసుపత్రికి వచ్చేదీ ఆ దశలోనే. హుషారుగా ఉన్నప్పుడు ఎవడూ డాక్టర్ దగ్గరికి పోడు కదా. డాక్టర్ కుంగిన మనిషినే చూస్తాడు, డిప్రెషన్ మందు రాస్తాడు. బైపోలార్ ఉన్నవాళ్లలో ఆ మందు ఒక్కటే ఇస్తే కొందరు డిప్రెషన్ నుంచి నేరుగా మేనియాలోకి దూకుతారు. ఇంట్లోవాళ్లకి అది మందు గొప్పదనంలా కనిపిస్తుంది: మూలన పడుకున్న మనిషి మూడు వారాల్లో లేచి ఊరంతా తిరుగుతున్నాడు! మళ్లీ కుంగినప్పుడు అదే పాత చీటీ మెడికల్ షాపులో చూపించి అవే మాత్రలు తెచ్చుకుంటారు. ఇలా తిరిగి తిరిగి, జబ్బు మొదలైన ఆరేళ్లకో పదేళ్లకో అసలు పేరు బయటపడటం ప్రపంచమంతటా ఉన్న సంగతే.

లెక్కలు కొంచెం చూద్దాం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్ వచ్చినవాళ్లు సుమారు 0.5 శాతం అని తేలింది. చికిత్స అందనివాళ్లు వందకి 70 మంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఒక అంచనా వేసుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాలు కలిపి 63 లక్షలు దాటాయి. అందులో పెద్దవాళ్లు 42 లక్షలు అనుకుంటే, 0.5 శాతం అంటే 21 వేల మంది. పెద్ద గ్రామాలు ఐదారు కలిపితే వచ్చే జనాభా ఇది. అయినా 'బైపోలార్' అన్న మాట తన చుట్టాల్లో ఎవరి గురించైనా విన్నానని చెప్పేవాళ్లు అరుదు. మిగతావాళ్లు ఏ పేర్లతో బతుకుతున్నారు? 'తాగుబోతు', 'తిక్కలోడు', 'గాలి సోకింది', 'టెన్షన్ ఎక్కువ', 'ఇల్లు కూల్చినవాడు'.

తాగుడు సంగతి విడిగా చూడాలి. బైపోలార్ ఉన్నవాళ్లలో మద్యం అలవాటు మామూలు జనంలో కంటే బాగా ఎక్కువ. మేనియాలో అదుపు ఉండదు, డిప్రెషన్‌లో నిద్ర కోసం తాగుతారు. ఇంట్లోవాళ్లకి సీసా కనిపిస్తుంది, దాని వెనక ఉన్నది కనిపించదు. డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చి తీసుకొస్తే మూడు నెలలకే మళ్లీ మొదలు. ఇక్కడ అడగాల్సింది ఒకటే: ముందు ఏది మారింది, నిద్రా, తాగుడా? తాగడం మొదలెట్టక ముందే వారం రోజులు నిద్ర తగ్గి, మాట పెరిగి ఉంటే దారి వేరు. ఇలాగే మేనియాలా కనిపించే వేరే కారణాలు కూడా చూడాలి. థైరాయిడ్ అతిగా పనిచేసినా, ఒళ్లునొప్పులకి పొడిపించుకున్న స్టెరాయిడ్ ఇంజక్షన్ల వల్లా మనిషి ఇలా మారవచ్చు. జీవితంలో మొదటిసారి యాభై దాటాక మేనియా వస్తే ఒంటిలో ఏదైనా జబ్బు దాగి ఉందేమో చూడకుండా బైపోలార్ అని తేల్చకూడదు.

లిథియం, రోహిణి కార్తె

బైపోలార్‌కి మొదటి వరస మందు ఇప్పటికీ లిథియమే. ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 1949లో మేనియా రోగులకి దీన్ని ఇచ్చి ఫలితం రాశాడు. అదొక లవణం. ఖరీదైన మందు కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ మన జాతీయ జాబితాలోనూ ఉంది. ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్న మందు కూడా. ఈ జబ్బులో ఆ ముప్పు మామూలు జనంలో కంటే 20, 30 రెట్లు ఎక్కువ కాబట్టి అది చిన్న విషయం కాదు. వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్, ఒలాంజపిన్, లామోట్రిజిన్ కూడా వాడతారు. ఎవరికి ఏది అన్నది డాక్టర్ చూడాల్సిన పని.

లిథియంతో చిక్కేమిటంటే, పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. రక్తం ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వకూడదు, చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి, ఆ పూట మాత్ర వేసుకోకుండా.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నెల్లూరు, ఒంగోలు ఎండల్లో 44 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. ఒంట్లో నీరు, ఉప్పు చెమటగా పోయినప్పుడు కిడ్నీ ఉప్పుని పట్టి ఉంచుతుంది, దాంతోపాటు లిథియాన్ని కూడా. అప్పటిదాకా సరిపోయిన మోతాదే ఎక్కువైపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. బీపీ అని ఎవరో చెప్పారని ఆవకాయ మానేసి ఉప్పు ఒక్కసారిగా తగ్గించేసినా అంతే. ఇక గట్టు మీద నడిచి నడిచి మోకాళ్లు నొప్పి అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు కూడా రక్తంలో లిథియం పెంచుతాయి. కొన్ని బీపీ మాత్రలూ అదే పని చేస్తాయి. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు, మత్తు, ఇవి లిథియం ఎక్కువైన గుర్తులు. చూసేవాళ్లు తాగొచ్చాడనో వడదెబ్బనో అనుకుంటారు. రెండూ కాకపోవచ్చు. మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, 'లిథియం వాడుతున్నాడు' అన్న మాట క్యాజువాలిటీలో మొదట చెప్పాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు ఆరు నెలలకోసారైనా చేయించాలి.

ఇవన్నీ చదివి ఈ మందంటే భయపడనక్కర్లేదు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంతకంటే ఎక్కువ జాగ్రత్తలే తీసుకుంటున్నారు. ఎక్కువమంది నష్టపోయేది మందు వాడి కాదు, బాగుందని మానేసి. ఒక ఏడాది ఏమీ రాకపోతే 'తగ్గిపోయింది' అనిపిస్తుంది. లిథియం ఒక్కసారిగా ఆపేస్తే మేనియా తిరగబెట్టే ముప్పు బాగా పెరుగుతుంది.

పురిటి మంచం దగ్గర

ఆడవాళ్ల విషయంలో ఇంకో రకంగా కళ్లు మూసుకుంటారు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి మాత్రలు దాచేస్తారు, చాలాచోట్ల మాన్పించేస్తారు కూడా. "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నది మగపిల్లల విషయంలోనూ వినిపించే మాటే, అమ్మాయి దగ్గర మాత్రం దాపరికం ఇంకో పొర ఎక్కువ. మానసిక జబ్బు ఉంటే పెళ్లే చెల్లదన్న భయం దీనికి ఒక కారణం. 1955 హిందూ వివాహ చట్టం జబ్బు ఉండటాన్నే అడ్డంకి అనలేదు. సమ్మతి తెలపలేని స్థితిని, సంసారానికీ పిల్లల్ని కనడానికీ పనికిరానంత తీవ్రతని, మళ్లీ మళ్లీ వచ్చే పిచ్చిని అడ్డంకి అంది. మందులతో కుదురుగా ఉన్న మనిషి వేరు. దాచిపెట్టి చేసిన పెళ్లి కోర్టుకెక్కినప్పుడు మాత్రం ఆ దాచడమే ప్రధాన విషయం అవుతుంది.

తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది. రాత్రుళ్లు నిద్ర ఉండదు, ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా మారతాయి. బైపోలార్ ఉన్న ఆడవాళ్లకి ప్రసవమైన తొలి రెండు మూడు వారాలంత ముప్పు జీవితంలో ఇంకెప్పుడూ ఉండదు. మామూలుగా వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే ప్రసవానంతర సైకోసిస్ (కాన్పు తర్వాత మతి తప్పడం), ఒకటో రకం బైపోలార్ ఉన్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది. మూడో రోజో, వారానికో బాలింత నిద్ర మానేస్తుంది, బిడ్డ తనది కాదంటుంది, ఎవరో బిడ్డని ఎత్తుకుపోతారని తలుపులు వేస్తుంది. ముసలమ్మలు 'బాలింత గాలి' అని చెవుల్లో దూది పెట్టి, గది మూసి, సాంబ్రాణి వేస్తారు. ఇది గంటల్లో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణాపాయం ఉంటుంది. సరైన చికిత్స అందితే ఎక్కువమంది వారాల్లో కోలుకుంటారు. అమ్మాయికి జబ్బు ఉందని ముందే తెలిసిన ఇంట్లో అయితే గర్భం కోసం అనుకున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ బిడ్డలో అవకరాలకీ బుద్ధి ఎదగకపోవడానికీ కారణమవుతుంది కాబట్టి పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకి దాన్ని వీలైనంత వరకూ ఇవ్వరు. అలాగని గర్భం అని తెలియగానే అన్ని మాత్రలూ తనంతట తాను ఆపేయడం అంతకు తక్కువ ప్రమాదం కాదు.

గాలి, ధూళి అన్నవాటికి మందు వెతుక్కునే చోట్లు ఈ జిల్లాల్లో పేరున్నవే ఉన్నాయి. అనుమసముద్రంపేట దర్గాకి, కసుమూరు దర్గాకి మనసు బాగాలేని మనుషుల్ని తీసుకెళ్లి నిద్ర చేయించడం తరాలుగా ఉంది. గొలగమూడిలో వెంకయ్యస్వామి సన్నిధిలోనూ నిద్ర చేస్తారు. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడికి వెళ్లిన చాలామందికి తగ్గడం కూడా నిజమే, ఎందుకంటే బైపోలార్ దశ మందు లేకపోయినా కొన్ని వారాలకో నెలలకో దానంతట అదే దిగుతుంది. దిగేటప్పుడు మనిషి ఎక్కడుంటే ఆ చోటుకి పేరు వస్తుంది: దర్గాకో, తాయెత్తుకో, ఆ వారమే చూసిన డాక్టర్‌కో. మళ్లీ రాకుండా ఆపగలిగిందా అన్నదే అసలు పరీక్ష. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకున్నవాళ్లని మాత్ర మానేయమని ఏ రొట్టే చెప్పలేదు. రెండూ కలిసి నడవొచ్చు.

కలిసి నడవకూడనిది గొలుసు. తమిళనాడు ఏర్వాడిలో దర్గా దగ్గర నడిపిన ఒక ప్రైవేటు షెడ్డులో 2001 ఆగస్టు 6న మంటలు రేగితే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కదల్లేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. అదే చట్టం ఆరోగ్య బీమాలో మానసిక జబ్బుల్ని ఒంటి జబ్బులతో సమానంగా చూడాలంది, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలంది. బాగున్న రోజుల్లోనే 'నాకు మళ్లీ జబ్బు వస్తే ఈ చికిత్స కావాలి, ఇది వద్దు, నా తరఫున ఫలానా వాళ్లు మాట్లాడతారు' అని ముందే రాసి ఉంచుకునే హక్కు కూడా ఇచ్చింది. ఒక దశకీ ఇంకో దశకీ మధ్య పూర్తిగా తెలివిగా ఉండే బైపోలార్ మనిషికి ఇంతకంటే పనికొచ్చే నిబంధన ఇంకొకటి కనపడదు. వాడుకుంటున్నవాళ్లే కనపడరు.

డబ్బు సంగతి ఇంకా కటువైనది. మేనియాలో రాసిచ్చిన ప్రామిసరీ నోటు, అడ్వాన్సు తీసుకుని రాసిన పొలం అగ్రిమెంటు, ఫోన్‌పేలో రాత్రికి రాత్రి పోయిన లక్షలు. 1872 భారత కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం మామూలుగా బాగుండి అప్పుడప్పుడు మతి తప్పే మనిషి, మతి సరిలేని సమయంలో ఒప్పందం చేసుకోలేడు. కోర్టులో ఆ సమయాన్ని నిరూపించడం మాత్రం అతని తరఫు వాళ్ల పనే. ఆ తేదీల్లో డాక్టర్ రాసిన కాగితం లేకపోతే మాట నిలవదు. పరువు పోతుందని ఆసుపత్రికి వెళ్లని కుటుంబం, తర్వాత పొలం కాపాడుకోవడానికి అదే ఆసుపత్రి కాగితం కోసం వెతుక్కుంటుంది. ముందుజాగ్రత్తగా మనిషి బాగున్నప్పుడే, అతని ఒప్పుదలతోనే, పెద్ద మొత్తాలు తీయాలంటే రెండో సంతకం ఉండేలా జాయింటు ఖాతా పెట్టుకోవడం, యూపీఐ పరిమితి తగ్గించుకోవడం చేసుకోవచ్చు. మేనియా ముదిరాక వాదించి గెలవడం ఎవరివల్లా కాదు. తక్కువ మాట్లాడటం, గొంతు తగ్గించడం, బండి తాళాలు పక్కన పెట్టడం, అతను వినే ఒక్క మనిషితో చెప్పించడం, ఆ నాలుగే పనిచేస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకి జవాబు అందనంత దూరంలో లేదు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అయినా నెల్లూరువాళ్లు చెన్నై రైలెక్కుతారు, ప్రకాశం పడమటి మండలాలవాళ్లు గుంటూరో హైదరాబాదో పోతారు. ఊళ్లో తెలిసినవాళ్లు ఓపీ లైన్లో చూస్తారన్న భయం అందులో పెద్ద పాలు. 'ఎర్రగడ్డ' అన్న ఊరిపేరే తిట్టుగా మారిన భాష మనది, ఆ భయాన్ని తప్పుపట్టలేం. కానీ దూరం వెళ్లినవాళ్లు రెండోసారి వెళ్లరు, రక్తపరీక్ష తేదీ దాటిపోతుంది, మందు అయిపోతుంది. మొదటి పేరు తేల్చుకోవడానికి దూరం వెళ్లినా, నెలనెలా చూపించుకోవడానికి దగ్గరి ఆసుపత్రి ఉండాలి. ఇల్లు కదలకుండా మాట్లాడాలంటే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416 ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చావు మాటలు వినిపిస్తున్న ఇంట్లో మాత్రం ఫోన్‌తో ఆగకుండా మనిషిని ఒంటరిగా వదలక, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటిసారి వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ ఫైళ్ల కంటే ఒక తెల్లకాగితం ఎక్కువ పనిచేస్తుంది. గత పదేళ్లని పంటల లెక్కన, పండగల లెక్కన గుర్తుచేసుకుని రాయాలి: ఏ సంక్రాంతికి మూలన పడ్డాడు, ఏ వేలం సీజన్‌లో నిద్ర మానేశాడు, ఎన్ని రోజులు, అప్పుడు ఎంత ఖర్చుపెట్టాడు, ఏ మాత్ర వాడాక హుషారు పెరిగింది. మేనత్తో, తాతో ఎవరైనా 'ఒక కాలంలో అదోలా అయిపోయిన' కథ ఉంటే అది కూడా. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉంటే మనకి వచ్చే అవకాశం మామూలు కంటే పదిరెట్ల దాకా ఉంటుంది, అయినా అలాంటివాళ్లలో నూటికి తొంభై మందికి రాదు. మంచి రోజులు కూడా ఆ కాగితంలో ఉండాలి. డాక్టర్‌కి చేరని సగం సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

మొదట్లో ఊహించుకున్న రెండో రైతు మళ్లీ గుంటల దగ్గరికి వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. మందు కుదిరి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక మేత లెక్కలు, చెక్ ట్రేలు, కౌంట్ బేరాలు అన్నీ చూసుకోవచ్చు. రాత్రి కాపలా ఒక్కటి మాత్రం తమ్ముడికో జీతగాడికో అప్పగించాలి, ఎందుకంటే వరసగా రెండు మూడు రాత్రుల మెలకువే మేనియాకి తలుపు తీయగలదు. కరెంటు పోతే మోగే అలారం గట్టు మీద బిగించుకోవచ్చు, అది తమ్ముడి ఫోన్‌కి మోగాలి. పది గంటలకి ఇతని ఫోన్ ఇంకో గదిలో ఉండాలి.